అమ్మ కంచం, బిడ్డ నాలుక

(సావిత్రిబాయి ఫూలే జయంతి సందర్భంగా భోపాల్‌పట్నంలో జరిగిన మహిళల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మితానిన్ అక్కలారా, అంగన్‌వాడీ అక్కలారా, మీరు ఇంటింటికీ తిరిగి చేసే పని గురించే మాట్లాడబోతున్నాను. నేను గోదావరి అవతల, ఏటూరునాగారం వైపు నుంచి వచ్చాను. మీ తెలుగుకీ మా తెలుగుకీ పెద్ద తేడా లేదు. కానీ ఇక్కడ బడి హిందీలో ఉంటుంది, ఆసుపత్రి కాగితాలు హిందీలో ఉంటాయి. కడుపుతో ఉన్న ఆడపిల్లకు చెప్పాల్సిన మాట ఆమె ఇంటి భాషలో చెప్పేవాళ్లు తక్కువ. అందుకని ఈ రోజు అంతా తెలుగులోనే.

సావిత్రిబాయి జయంతి అంటే ఆడపిల్లల బడి గురించి మాట్లాడతారు. మాట్లాడాలి కూడా. కానీ సావిత్రిబాయి, జోతిబా 1863లో పూణేలో తమ ఇంట్లోనే, గర్భవతులైన వితంతువుల కోసం ఆశ్రయం తెరిచారు. దిక్కులేని తల్లికి కాన్పు, ఆ బిడ్డకు బతుకు, రెండూ తమ ఉద్యమం పనే అనుకున్నారు. కాబట్టి ఈ రోజు తల్లి కడుపు గురించి మాట్లాడటం దారి తప్పడం కాదు.

ఇక్కడికి వచ్చే ముందు కొందరు తల్లులతో మాట్లాడాను. అందరిదీ ఒకటే ఫిర్యాదు: "మా పిల్లోడు కూర తినడు, పది రూపాయల ప్యాకెట్ ఇస్తేనే ఏడుపు ఆపుతాడు." సరే. ఆ పిల్లోడి నాలుక ఎక్కడ తయారైంది? పుట్టాక తయారైందని మనం అనుకుంటాం. కాదు, అంతకుముందే మొదలైంది.

కడుపులో బిడ్డ మూడో నెల నుంచే ఉమ్మనీరు మింగడం మొదలుపెడుతుంది. నాలుక మీద రుచి మొగ్గలు కూడా ఆ రోజుల్లోనే తయారవుతాయి. తల్లి తిన్న వెల్లుల్లి, సోంపు, ఆకుకూర వాసనలు ఆ నీటిలోకి చేరతాయి. అంటే బిడ్డ మొదటి ముద్ద అన్నప్రాశన నాడు తినడం లేదు. దానికి ఎన్నో నెలల ముందే తల్లి కంచంలోంచి తింటోంది.

ఇది ఊహ కాదు. అమెరికాలో ఫిలడెల్ఫియాలోని మోనెల్ సంస్థలో జూలీ మెనెల్లా అనే శాస్త్రవేత్త బృందం 2001లో ఒక పరిశోధన ప్రచురించింది. కొందరు తల్లులు చివరి మూడు నెలల గర్భంలో మూడు వారాల పాటు, వారానికి నాలుగు రోజులు క్యారెట్ రసం తాగారు. ఇంకొందరు కాన్పు తర్వాత పాలిచ్చేటప్పుడు తాగారు. మూడో గుంపు మంచినీళ్లే తాగింది. పిల్లలకు మెతుకు పెట్టే వయసు వచ్చాక క్యారెట్ కలిపిన జావ పెట్టి చూశారు. తల్లి కడుపులోనో పాలలోనో ఆ రుచి చూసిన పిల్లలు మొహం తక్కువగా చిట్లించారు. అంతకుముందు ఏడాది ఫ్రాన్స్‌లో సోంపుతో ఇలాంటిదే చేశారు. గర్భంలో తల్లి సోంపు తిన్న బిడ్డలు పుట్టిన రోజునే సోంపు వాసన వైపు తల తిప్పారు. 2022లో ఇంగ్లండ్‌లోని డర్హమ్ విశ్వవిద్యాలయం వాళ్లు ఇంకో అడుగు ముందుకు వేశారు. తల్లికి క్యారెట్ పొడి, కేల్ అనే చేదు ఆకు పొడి గొట్టాల్లో పెట్టి ఇచ్చి, కడుపులో బిడ్డ మొహాన్ని స్కానింగ్‌లో చూశారు. క్యారెట్‌కు బిడ్డ మొహం నవ్వినట్టు, చేదు ఆకుకు ఏడ్చినట్టు కనిపించింది. కడుపులో ఉన్నది మట్టిముద్ద కాదు. రుచి చూస్తోంది.

మన వైపు బాలింతకు వెల్లుల్లి కారం పెడతారు కదా, పాలు పడతాయని. ఇదే మెనెల్లా 1991లో చూసింది: తల్లి వెల్లుల్లి తిన్న రెండు గంటలకు పాలలో ఆ వాసన గట్టిగా వస్తుంది, ఆ సమయంలో బిడ్డ రొమ్ము పట్టుకుని ఎక్కువసేపు ఉంటుంది. మన ముసలమ్మలకు ప్రయోగశాల లేదు. చూపు ఉంది. డబ్బాపాలకు ఈ గుణం లేదు. డబ్బాపాల రుచి రోజూ ఒకటే. తల్లిపాల రుచి ఆమె పొద్దున ఏం తిన్నదో దాన్ని బట్టి మారుతుంది. రోజుకో రుచి చూసిన బిడ్డ రేపు కొత్త కూరను తొందరగా ఒప్పుకుంటుంది.

ఇందులో మనకు, అంటే దళితులకు, ఆదివాసులకు, బహుజనులకు ఒక పెద్ద సంగతి ఉంది. "వాళ్ల తిండి అదే, వాళ్ల పుట్టుకే అది" అని మనల్ని అన్నారు. భగవద్గీత 17వ అధ్యాయంలో తిండిని సాత్వికం, రాజసం, తామసం అని మూడు ముక్కలు చేశారు. ఏ గుణం ఉన్నవాడికి ఆ తిండి ఇష్టమని చెప్పారు. మనిషి గుణాన్ని బట్టి నాలుక అని వాళ్ల లెక్క. సైన్సు చెప్పేది దానికి తలకిందులు. నాలుక నేర్చుకుంటుంది. తల్లికి ఏది దొరికిందో, తల్లిని ఏది తిననిచ్చారో దాన్నే బిడ్డ ఇష్టపడటం నేర్చుకుంటుంది. రుచిలో కులం లేదు. కులం ఉన్నది ఎవరి కంచంలోకి ఏది చేరాలో నిర్ణయించే చోట.

మా ఇంట్లో ఎండు తునకల కూర వండిన రోజు అమ్మ తలుపు వేసేది. ఎవరైనా వస్తారని. నేను కడుపులో ఉన్నప్పుడు కూడా ఆమె అదే తిని ఉంటుంది, ఆ వాసన నాకు ఇప్పటికీ ఆకలి పుట్టిస్తుంది. కానీ బడికి వెళ్లాక ఆ వాసనకు సిగ్గుపడటం కూడా నేర్చుకున్నాను. నాలుక నేర్చుకున్నదాన్ని బడి, పక్కింటి పిల్లలు, టీవీ కలిసి చెరిపేస్తారు. మరాఠీలో షాహూ పాటోళే మాంగ్, మహార్ ఇళ్ల వంటల మీద 2015లో పుస్తకమే రాశాడు. రాయాల్సి వచ్చింది, ఎందుకంటే ఏ వంటల పుస్తకంలోనూ అవి లేవు.

ఈ సిగ్గుకు ప్రభుత్వ ముద్ర కూడా పడుతుంది. 2017లో కేంద్ర ఆయుష్ మంత్రిత్వ శాఖ కింద తయారైన తల్లీబిడ్డల పుస్తకం ఒకటి గర్భిణులను గుడ్లు, మాంసం మానేయమని చెప్పింది. దేశంలో గర్భిణుల్లో నూటికి 52 మందికి రక్తం తక్కువని 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్క. అలాంటి దేశంలో గుడ్డు మానేయమంటారు! 2015లో మధ్యప్రదేశ్ ముఖ్యమంత్రి అంగన్‌వాడీల్లో గుడ్డు ఆలోచనను పక్కన పెట్టించారు. మన ఛత్తీస్‌గఢ్‌లో 2019లో బడి భోజనంలో గుడ్డు పెడతామనగానే గొడవ లేచింది, అభ్యంతరం ఉన్నచోట గుడ్డు బడిలో పెట్టకుండా ఇంటికి పంపుతామని ప్రభుత్వం తగ్గింది. గుడ్డు వద్దనుకునేవాళ్లు తినకుండా ఉండొచ్చు, వాళ్లకు అరటిపండు ఇవ్వండి. కానీ తినే తల్లి కంచంలోంచి గుడ్డు తీసే హక్కు ఎవరిచ్చారు? తల్లి కంచంలోంచి తీసింది బిడ్డ ఒంట్లోంచి కూడా తీసినట్టే.

ఒంట్లోంచి అన్నాను. రుచి సగం కథ. రెండో సగం గట్టిది.

రెండో ప్రపంచ యుద్ధం చివర్లో, 1944–45 చలికాలంలో, నెదర్లాండ్స్ పడమటి భాగానికి నాజీలు తిండి రాకుండా అడ్డుకున్నారు. రేషన్ రోజుకు వెయ్యి కేలరీల కంటే కిందికి పడిపోయింది. ఆ నెలల్లో గర్భంతో ఉన్న తల్లుల ఆసుపత్రి కాగితాలు భద్రంగా మిగిలాయి. దశాబ్దాల తర్వాత ఆ పిల్లలను వెతికి పరీక్షించారు. గర్భం తొలి నెలల్లో ఆకలి చూసినవారికి పెద్దయ్యాక గుండెజబ్బు, ఒంట్లో చెడు కొవ్వు ఎక్కువగా వచ్చాయి. ఇంకో మాట 2008లో బయటపడింది: వాళ్లు కొవ్వు ఎక్కువ ఉన్న తిండి వైపు మొగ్గుతున్నారు. ఆకలి వాళ్ల ఒంటినే కాదు, వాళ్ల కోరికను కూడా మార్చింది. కడుపులో తిండి కరువు చూసిన ఒళ్లు, బయటికొచ్చాక దొరికినదంతా దాచుకోవాలనుకుంటుంది. ప్యాకెట్ కోసం ఏడ్చే పిల్లాడిని తిట్టే ముందు ఇది గుర్తు పెట్టుకోండి.

ఆ కథ విన్నప్పుడు నాకు బీజాపూర్ గుర్తొస్తుంది. 2005 నుంచి సల్వా జుడుం రోజుల్లో ఊళ్లు తగలబడ్డాయి, ధాన్యం తగలబడింది, వేలమంది అడవి దాటి, నది దాటి మా వైపు వచ్చారు. 2011లో సుప్రీంకోర్టు ఆ మొత్తం ఏర్పాటు రాజ్యాంగ విరుద్ధమని చెప్పింది. ఆ రోజుల్లో కడుపుతో నడిచిన తల్లుల బిడ్డలకు ఇప్పుడు ఇరవై ఏళ్లు. అడవిలో కాన్పు అయిన తల్లికి ఆసుపత్రి కాగితం ఎక్కడిది? ఆ పిల్లల్లో కొందరు ఈ సభలోనే ఉండొచ్చు. షుగరు, బీపీ పరీక్షలు "ముసలోళ్లకు" అనుకోకండి, మీరూ చేయించుకోండి.

మన దేశంలోనే పూణే దగ్గర ఆరు ఊళ్లలో డాక్టర్ చిత్తరంజన్ యాజ్ఞిక్ బృందం 1993 నుంచి తల్లులను, బిడ్డలను గమనిస్తోంది. అక్కడ పుట్టిన బిడ్డల సగటు బరువు 2.7 కిలోలు. ఇంగ్లండ్ బిడ్డలది 3.5. చిత్రం ఏంటంటే, మన బిడ్డలో తగ్గింది కండ, కొవ్వు మాత్రం అంతగా తగ్గలేదు. చూడటానికి సన్నం, లోపల కొవ్వు. మనవాళ్లకు చిన్న వయసులోనే షుగరు రావడానికి ఇది ఒక కారణమని ఆయన వాదన. ఆ ఊళ్లలోనే ఇంకొకటి కనిపించింది: గర్భంలో ఆకుకూరలు, పాలు, పండ్లు ఎక్కువసార్లు తిన్న తల్లుల బిడ్డలు పెద్దగా పుట్టారు. పొలంలో వంగి పనిచేసే తల్లులు వాళ్లు, మనలాంటి వాళ్లే.

అయితే తిండి పెడితే నిజంగా మారుతుందా అని అడిగితే, జవాబు మన తెలుగు ఊళ్లలోనే ఉంది. ఇది మీకు వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఈ సంగతి తెలుగువాళ్లలోనే చాలామందికి తెలియదు.

1987 నుంచి 1990 వరకు హైదరాబాద్ చుట్టుపక్కల పల్లెల్లో అంగన్‌వాడీ పథకం మెల్లగా ఒక్కో ప్రాంతానికి విస్తరిస్తోంది. పథకం వచ్చిన 15 ఊళ్లు, ఇంకా రాని 14 ఊళ్లు తీసుకుని హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ వాళ్లు పోల్చారు. పథకం ఉన్న ఊళ్లలో గర్భిణులకు, బాలింతలకు రోజుకు దాదాపు 500 కేలరీల తిండి, 20–25 గ్రాముల మాంసకృత్తులు. ఆరేళ్ల లోపు పిల్లలకు దాదాపు 300 కేలరీలు. ఏం పెట్టారనుకున్నారు? మొక్కజొన్న, సోయా పిండితో చేసిన ఉప్మా. పిస్తా, బాదం కాదు. ఉప్మా!

ఆ పిల్లలు 13 నుంచి 18 ఏళ్ల వాళ్లయ్యాక, 2003–05లో, మళ్లీ వెళ్లి వెయ్యి మందికి పైగా పిల్లలను కొలిచారు. ఉప్మా అందిన ఊళ్ల పిల్లలు సగటున 14 మిల్లీమీటర్లు ఎత్తు ఎక్కువ. రక్తనాళాలు మెత్తగా ఉన్నాయి, ఇన్సులిన్‌ను ఒళ్లు సరిగా వాడుకోలేకపోయే లక్షణం 20 శాతం తక్కువ. 2008లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఇది వచ్చింది. తల్లికీ బిడ్డకీ ఇద్దరికీ పెట్టారు కాబట్టి ఇందులో తల్లి వాటా ఎంత, బిడ్డ వాటా ఎంత అని విడదీయలేం. విడదీయాల్సిన అవసరం మనకు లేదు. తల్లిని, బిడ్డను విడదీసి ఆలోచించడమే అసలు రోగం.

ఒకటిన్నర సెంటీమీటరు కూడా లేదు, ఇదేం గొప్ప అంటారేమో. "మీ జాతే పొట్టి" అని మనల్ని అన్నవాళ్లు ఉన్నారు. ఆ పొట్టితనంలో కొంత ఉప్మా లేకపోవడం అని తేలింది. నాకు ఇది చిన్న సంగతిగా అనిపించదు.

ఇప్పుడు ఒక హెచ్చరిక. ఈ సైన్సును తల్లి మీద కర్రలా వాడతారు. "నువ్వు తినలేదు, అందుకే బిడ్డ ఇలా పుట్టింది" అని అత్త అంటుంది, డాక్టరు అంటాడు, మొగుడు అంటాడు. ఎవరు తిననిచ్చారు ఆమెను? ఇంట్లో అందరూ తిన్నాక చట్టి అడుగున మిగిలింది ఆమెకు. ఎక్కువ తింటే బిడ్డ లావై కాన్పు కష్టమని ఒకరు, బొప్పాయి వద్దని ఒకరు, గుడ్డు వేడని ఒకరు. కాన్పయ్యాక పథ్యం పేరుతో అన్నం, చారు. ఈ పథ్యాలలో సగం బీద ఇంట్లో తిండి పొదుపు చేయడానికి పుట్టినవేమోనని నా అనుమానం. పొదుపు ఎప్పుడూ కోడలి కంచం నుంచే మొదలవుతుంది.

బాబాసాహెబ్ దీన్ని ఎంత ముందు చూశారో చెబుతాను. 1928 జూలైలో బొంబాయి శాసనమండలిలో కార్మిక స్త్రీల ప్రసూతి బిల్లు వచ్చింది. ఆ బిల్లును సమర్థిస్తూ ఆయన, కాన్పుకు ముందూ తర్వాతా తల్లికి విశ్రాంతి దొరకడం దేశానికే మేలు అన్నారు. ఆ మేలు దేశానిది కాబట్టి ఖర్చులో పెద్ద భాగం ప్రభుత్వం మోయాలన్నారు. చూడండి, తల్లిని బాగా తినమని బుద్ధులు చెప్పలేదు. ఖర్చు ఎవరిదని అడిగారు. తర్వాత కార్మిక మంత్రిగా ఉన్నప్పుడు గని కార్మిక స్త్రీల ప్రసూతి చట్టాన్ని 1943లో సవరించారు.

ఇప్పుడు ఆ ప్రశ్ననే మనం అడుగుదాం. 2013 జాతీయ ఆహార భద్రతా చట్టం ప్రకారం గర్భిణికి, కాన్పయిన ఆరు నెలల వరకు తల్లికి అంగన్‌వాడీ ద్వారా ఉచిత భోజనం హక్కు. దయ కాదు, హక్కు. చట్టం వచ్చినప్పుడు రోజుకు 600 కేలరీలు, 18–20 గ్రాముల మాంసకృత్తులు అని దాని షెడ్యూల్‌లోనే రాశారు. 6,000 రూపాయలకు తగ్గకుండా ప్రసూతి సాయం ఇవ్వాలని కూడా ఉంది. వచ్చిన పథకం మొదటి బిడ్డకు 5,000 రూపాయలు, రెండో బిడ్డకు ఆడపిల్ల అయితేనే 6,000. ఆఫీసు ఉద్యోగం చేసే ఆమెకు 26 వారాల జీతంతో సెలవు. తునికాకు కోసే ఆమెకు? మిరపకాయ ఏరే ఆమెకు?

మిరప సంగతి మీకు నేను చెప్పాలా! ఇంకో నెలలో ఈ రోడ్డు మీద ట్రాక్టర్లు, జీపులు నిండిపోతాయి. ఖమ్మం, ములుగు, చర్ల వైపు మిరప తోటలకు. కడుపుతో ఉన్నవాళ్లు కూడా వెళతారు. పేరు ఇక్కడి రిజిస్టరులో ఉంటుంది, మనిషి అక్కడ టార్పాలిన్ కింద ఉంటుంది. అన్నం, మిరప తొక్కు, పప్పునీళ్లు. కాన్పుకు ముందు ఆఖరి మూడు నెలలు, బిడ్డ బరువు పెరిగే నెలలు, చాలామందికి ఆ టార్పాలిన్ కింద గడుస్తాయి. తెలంగాణలో 2015 నుంచి ఆరోగ్యలక్ష్మి పేరుతో అంగన్‌వాడీలో గర్భిణులకు గుడ్డు, పాలతో పూట భోజనం ఉంది. గోదావరి దాటిన తల్లిని అది కూడా కలుపుకోవాలి. మా వైపు అంగన్‌వాడీ టీచర్లతో ఈ మాట మాట్లాడటం నా పని. ఎవరు ఎన్నో నెలతో ఏ ఊరికి వెళుతున్నారో మాకు చెప్పడం మీ పని. జీపు ఎక్కే ముందే చెప్పండి.

ఇక్కడి తిండి గురించి కొంచెం మాట్లాడి ఆపుతాను. పక్కనే దంతెవాడలో బైలాడిలా కొండల నుంచి 1968 నుంచి ఇనుప ఖనిజం రైలెక్కి విశాఖపట్నం పోతోంది. ఆ కొండల చుట్టూ బతికే ఆడవాళ్ల రక్తంలో ఇనుము లేదు. అయితే మీ చుట్టూ ఉన్నదాన్ని మీరు తక్కువ చేసుకోకండి. మండియా పేజ్ అంటారు కదా, మా వైపు తైద అంబలి. 100 గ్రాముల రాగుల్లో 300 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటుంది, రేషన్ బియ్యంలో అందులో ఇరవయ్యో వంతు కూడా ఉండదు. మునగాకు, తోటకూర, చింతచిగురు, వెదురు కొమ్ములు, వానాకాలం పుట్టగొడుగులు, ఇంద్రావతి చేప, ఎండు చేప, చాప్డా, అంటే ఎర్రచీమల పచ్చడి. పట్నం నుంచి వచ్చినవాళ్లు దాన్ని ఫోన్లో వీడియో తీసి నవ్వుకుంటారు. తల్లి తిన్నప్పుడు బిడ్డ తెలుసుకునే రుచులు ఇవే. సంతలో అన్నీ అమ్మేసి, ఆ డబ్బుతో బిస్కెట్ కొంటే, బిడ్డ నాలుక బిస్కెట్‌నే నేర్చుకుంటుంది. లండన్‌లో ఎలుకల మీద 2007లో చూశారు: కడుపుతో ఉన్నప్పుడూ పాలిచ్చేటప్పుడూ తల్లి ఎలుకకు చిప్స్, బిస్కెట్లు, చాక్లెట్ల వంటివి పెడితే, పిల్లలు మామూలు మేత కంటే వాటినే ఎగబడి తిన్నాయి. మనుషులు ఎలుకలు కారు. అయినా కొట్టు ముందు పిల్లలను చూస్తే అంత తేడా కనిపించదు.

మనదంతా మంచిదని కూడా నేను అనను. గర్భంలో ఇప్పసారా, కల్లు వద్దు. బిడ్డ దాన్ని తాగినట్టే. గుడాఖు పళ్లకు రుద్దడం అసలు వద్దు. అది పొగాకే, బిడ్డ బరువు తగ్గిస్తుంది. ఇది చెబితే చాలామంది అక్కలు నవ్వి మొహం తిప్పుకుంటారు, నాకు తెలుసు. ఆకలి చంపడానికి గుడాఖు రుద్దుకునే తల్లికి ముందు అన్నం పెట్టి, తర్వాత మానమని చెప్పాలి. అన్నం తిన్న వెంటనే టీ తాగకండి, తిన్న ఇనుము ఒంటికి పట్టదు. ఉసిరి, నిమ్మ కలిపితే పడుతుంది. సికిల్ సెల్ ఇక్కడి ఇళ్లలో ఉంది కాబట్టి రక్తం తక్కువైన ప్రతి గర్భిణీ ఆ పరీక్ష చేయించుకోవాలి. ఐరన్ మాత్ర ఒక్కటే సరిపోదు. పుట్టిన బిడ్డ కూర వద్దంటే ఒకసారితో వదలకండి. ఎనిమిది, పదిసార్లు కొంచెం కొంచెం పెడితే చాలామంది పిల్లలు ఒప్పుకుంటారు. కొట్టి పెట్టకండి, పక్కన కూర్చుని మీరూ తినండి. తల్లి తినకుండా బిడ్డకు పెడితే బిడ్డ నేర్చుకునేది తల్లి తినదనే.

మగవాళ్లు వెనక నిలబడి వింటున్నారు, సంతోషం. ఈ రాత్రి నుంచి కడుపుతో ఉన్న మనిషి కంచం ముందు పెట్టండి. అది ఖర్చు లేని పని.

ఇది ఐదో షెడ్యూల్ ప్రాంతం, పెసా చట్టం 1996 నుంచి ఉంది. గ్రామసభలో అడిగే హక్కు మీది. ఈసారి మూడే ప్రశ్నలు రాసుకెళ్లండి: మన అంగన్‌వాడీలో గర్భిణికి వేడి భోజనం నెలకు ఎన్ని రోజులు వచ్చింది? గుడ్డు ఎన్నిసార్లు వచ్చింది? మిరపకు వెళ్లిన తల్లుల వాటా ఏమైంది? జవాబు నోటితో వద్దు, రిజిస్టరు తెప్పించి చదివించండి. చదవడం వచ్చిన ఆడపిల్ల చేత చదివించండి.

నా మాట అయిపోయింది. ఇప్పుడు మితానిన్ అక్కలు మాట్లాడాలి. ముందు వరసలో ఉన్న అక్క ఇందాకటి నుంచి చెయ్యి ఎత్తుతోంది, మైకు ఆమెకివ్వండి. జై భీమ్.